పక్షుల కోసం ఒక జీవితం: సలీం అలీ

కంకిపాడు నుంచి ఉయ్యూరు వైపు బందరు రోడ్డు మీద వెళ్లేవారికి, దమ్ము చేస్తున్న మడిలో ట్రాక్టరు వెనకే నడిచే కొంగల గుంపు కొత్త దృశ్యమేమీ కాదు. తెల్లకొంగలతోపాటు నత్తగుల్ల కొంగలూ దిగుతాయి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఈ కొంగ మాగాణి నీళ్లలో నత్తల్ని ఏరుకు తింటుంది. కాలువ గట్టున తీగ మీద లకుముకి పిట్ట, తాటిమట్టలకు వేలాడే గిజిగాడి గూళ్లు, సాయంత్రం బారులు తీరి పోయే నీటికాకులు. ఇవన్నీ మనకు ఎంతగా అలవాటైపోయాయంటే, వాటిని చూడటం మానేశాం. వాటిని చూడటం ఎలాగో ఈ దేశానికి నేర్పినవాడు ఒక ముస్లిం కుటుంబంలో పుట్టిన మనిషి. పేరు సలీం అలీ.

నవంబరు 12 ఆయన పుట్టినరోజు. ఆ రోజున దేశంలో చాలాచోట్ల పిల్లల్ని చెరువుల దగ్గరికి తీసుకెళ్లి పక్షుల్ని చూపిస్తారు. వాటి గురించి, అవి బతికే నీళ్ల గురించి ఉపన్యాసాలు చెప్పిస్తారు. అటువంటి సభల్లో ఆయన ఫోటో తప్పకుండా ఉంటుంది. మన మొహల్లాల్లో మాత్రం ఆయన పేరు తెలిసినవారు తక్కువ. మౌలానా ఆజాద్ గురించి, జాకిర్ హుసేన్ గురించి చెప్పుకున్నంతగా ఈయన గురించి మనం చెప్పుకోలేదు. ఈ శుక్రవారం ఆ లోటు కొంత తీర్చుకుందాం.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896లో బొంబాయిలో పుట్టారు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. ఏడాది నిండేసరికి తండ్రి మొయిజుద్దీన్ పోయారు. మూడేళ్లకు తల్లి జీనతున్నిసా కూడా కన్నుమూశారు. ఇంటినిండా యతీములైన ఆ పిల్లల్ని మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం తమ పిల్లల్లా పెంచారు. వారికి సొంత సంతానం లేదు. తయ్యబ్జీలంటే సామాన్యులు కారు. 1887లో మద్రాసు కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ తయ్యబ్జీ, 1930 ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీ అరెస్టు కాగానే ఆ బాధ్యత తలకెత్తుకున్న అబ్బాస్ తయ్యబ్జీ ఆ వంశంవారే. యతీములను ఆదరించడం ఎంత పుణ్యకార్యమో ఈ పేజీ చదివేవారికి చెప్పనవసరం లేదు. ఆ ఆదరణే లేకపోతే సలీం అలీ కథ లేదు.

మేనమామకు వేటంటే సరదా. పదేళ్ల మేనల్లుడికి చిన్న ఎయిర్‌గన్ కొనిపెట్టారు. ఆ రోజుల్లో ఉన్నవాళ్ల ఇళ్లలో పిల్లలు పిచ్చుకల్ని కొట్టడం తప్పనుకునేవారు కాదు. కొట్టిన పిచ్చుకను వెంటనే జబహ్ చేసి, కూర వండించుకుని తినేవారు. ఒకరోజు సలీం కొట్టిన పిచ్చుకను చేతిలోకి తీసుకుని చూస్తే, దాని గొంతు మీద కూర మరక అంటినట్టు పసుపు మచ్చ ఉంది. ఇంటి చూరులో ఉండే పిచ్చుకకు అలాంటి మచ్చ ఉండదు. ఇది వేరే పిట్ట. మరి దీన్ని ముస్లిం తినవచ్చా, తినరాదా? కుర్రవాడికి వచ్చిన అనుమానం అంతే. మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. తాను సభ్యుడుగా ఉన్న బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ అనే దొరకు చీటీ రాసి, పిట్టను కాగితంలో చుట్టించి పంపారు.

బెరుకుబెరుకుగా ఆ గదిలోకి వెళ్లిన కుర్రవాణ్ణి మిల్లార్డ్ కసురుకోలేదు. పిట్టను చూడగానే పసుపు గొంతు పిచ్చుక అని గుర్తించి, గూడ సొరుగులు ఒక్కొక్కటే లాగి, లోపల దూది కూరి భద్రపరిచిన వందలాది పక్షుల్ని చూపించాడు. ఏ పిచ్చుక ఏదో, ఆడదానికీ మగదానికీ తేడా ఏమిటో విడమరచి చెప్పాడు. పక్షి చర్మం చెడిపోకుండా ఎలా తీసి ఉంచాలో నేర్పే ఏర్పాటు చేశాడు. చదవమని పుస్తకాలిచ్చాడు. కూర గిన్నెలోకి పోవలసిన ఒక పిట్ట ఇంత పని చేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అకారణంగా చిన్న పిచ్చుకను చంపినా దానికి అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవలసి ఉంటుందన్న అర్థం వచ్చే హదీసు సునన్ నసాయిలో ఉంది. ఆహారం కోసం ధర్మబద్ధంగా జబహ్ చేయడం వేరు, సరదాకు చంపి పారేయడం వేరు అని దాని భావం. తినేది హలాలా కాదా అని అడగడం మన పిల్లలందరికీ అలవాటే. ఆ ప్రశ్న అడిగి ఊరుకోకుండా, అసలు ఇది ఏ పిట్ట, ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది అని ఇంకో నాలుగు ప్రశ్నలు అడగడం దగ్గరే సలీం అలీ మిగతావారి నుంచి విడిపోయారు.

చదువులో ఆయన గొప్పవాడు కాడు. 1913లో మెట్రిక్యులేషన్ ఎలాగో గట్టెక్కారు. కాలేజీలో లెక్కలంటే భయం. మరుసటి ఏడు బర్మాలోని తవోయ్‌కి, అన్నగారు చూసుకుంటున్న గనుల, కలప వ్యాపారానికి వెళ్లారు. వ్యాపారం సంగతి అటుంచి అడవులు పట్టుకు తిరిగారు. 1917లో తిరిగొచ్చి ఒకపక్క వాణిజ్యం, మరోపక్క సెయింట్ జేవియర్స్ కాలేజీలో జంతుశాస్త్రం చదివారు. 1918 డిసెంబరులో తెహ్మినాతో నిఖా అయింది. యూనివర్సిటీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. ఈ లోటు ఆయన్ను చాలాకాలం వెంటాడింది. ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వేలో ఉద్యోగం ఖాళీ ఉన్నా, డిగ్రీ లేదన్న కారణంతో తలుపు మూసుకుపోయింది.

1926లో దొరికిన ఉద్యోగం చిత్రమైనది. బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో కొత్తగా తెరిచిన ప్రకృతి విభాగంలో గైడ్ లెక్చరర్. జీతం నెలకు 350 రూపాయలు, ఆ రోజులకు మంచి మొత్తమే. బడిపిల్లలు, వచ్చే పోయే జనం అద్దాల పెట్టెల ముందు నిలబడితే, లోపలి జంతువుల గురించి, అవి బతికే చోటు గురించి వారికి చెప్పాలి. ఈనాడు చెరువు గట్టు మీద, అటవీశాఖ కేంద్రాల్లో జరిగే ప్రసంగాలకు ఆ అద్దాల పెట్టెల ముందు చెప్పిన పాఠాలు పూర్వీకుల వంటివి. అయితే ఆయనకు ఆ పనిలో రెండేళ్లకే విసుగు పుట్టింది. చచ్చిన పక్షిని చూపించి బతికిన పక్షి గురించి చెప్పడం ఎంతకాలం? పైగా తనకు తెలిసింది తక్కువన్న సంగతి ఆయనకు బాగా తెలుసు. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ అనే పక్షిశాస్త్ర పండితుడి దగ్గర శిష్యరికం చేశారు. జీవితాంతం ఆయన్నే గురువుగా చెప్పుకున్నారు.

1930లో తిరిగొచ్చేసరికి మ్యూజియంలో ఆ ఉద్యోగమే లేదు. డబ్బు లేదని తీసేశారు. ముప్ఫై మూడేళ్ల వయసు, భార్య, చేతిలో పని లేదు. బొంబాయిలో అద్దె భరించలేక, సముద్రం అవతల కిహీం అనే పల్లెలో బంధువులకున్న ఇంటికి మకాం మార్చారు. ఇంకొకరైతే కుంగిపోయేవారు. ఆ ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. సలీం అలీ ఒక నిచ్చెన వేసి, చుట్టూ గుడ్డ కట్టి, దాని చాటున గంటల తరబడి కూర్చున్నారు. వానాకాలమంతా అదే పని.

గిజిగాడి గురించి మనకు కొత్తగా చెప్పేదేముంది అనిపించవచ్చు. జాషువా కవి పద్యాలు రాసిన పిట్ట అది. ఈత చెట్టుకో, నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మకో వేలాడే ఆ గూడు ఎరగని తెలుగు పల్లె లేదు. ఆడ, మగ కలిసి అన్యోన్యంగా ఇల్లు కట్టుకుంటాయనే అందరూ అనుకునేవారు. సలీం అలీ చూసింది వేరు. గూడు అల్లేది మగపిట్ట ఒక్కటే. సగం అల్లి, తలుపు పెట్టక ముందే ఆగి, రెక్కలాడిస్తూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి, లాగి, పీకి పరీక్షించి చూస్తుంది. నచ్చకపోతే వెళ్లిపోతుంది. ఆ గూడు అలాగే మొండిగా మిగిలిపోతుంది. నచ్చితే మగపిట్ట మిగతా సగం పూర్తి చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి కూర్చోగానే ఇది పక్కన ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్ట కోసం చూస్తుంది. చెట్టుకు సగం సగం గూళ్లు ఎందుకు వేలాడుతుంటాయో అప్పటికిగాని ఎవరికీ అర్థం కాలేదు. ఉద్యోగం పోయిన మనిషి పల్లెటూరి చెట్టుకింద కూర్చుని రాసిన ఆ వ్యాసం పక్షిశాస్త్ర లోకంలో ఆయనకు పేరు తెచ్చింది.

తెలుగు నేలతో ఆయన అనుబంధం ఆ తర్వాతే మొదలైంది. సంస్థానాల్లో ఏ పక్షులున్నాయో సరైన లెక్క అప్పటికి లేదు. సలీం అలీ ఒక బేరం పెట్టారు. నాకు జీతం వద్దు, మకాం ఖర్చులూ ప్రయాణ ఖర్చులూ భరిస్తే మీ రాజ్యంలోని పక్షుల్ని లెక్క తేల్చి ఇస్తానన్నారు. మొదట ఒప్పుకున్నది నిజాం సర్కారు. 1931లో మొదలుపెట్టి 1932 దాకా సాగిన హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే ఆయన చేసిన మొదటి పెద్ద పని. ఎడ్లబళ్ల మీద గుడారాలు, పెట్టెలు వేసుకుని అడవి నుంచి అడవికి తిరిగారు. తెహ్మినా వెంటే ఉన్నారు. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి మీద ఫరహాబాద్ దాకా వెళ్లారు. చెంచులుండే ఆ అడవి ఈనాడు పెద్దపులుల అభయారణ్యం. సర్వే ఫలితాలు సొసైటీ పత్రికలో భాగాలుగా అచ్చయ్యాయి. అప్పట్లో కృష్ణా డెల్టా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కాబట్టి ఆ సర్వే మన మాగాణుల దాకా రాలేదు. ఆ తర్వాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ సంస్థానాలు ఆయన్ను పిలిచాయి.

ఈ సర్వేల్లో ఆయన తుపాకీ పట్టే తిరిగారు. నమూనాల కోసం పక్షుల్ని కాల్చేవారు. ఈ మాట వినగానే కొందరికి మనసు చివుక్కుమంటుంది. దాచవలసిన పని లేదు, ఆయన కూడా దాచలేదు. ఆ రోజుల్లో పిట్ట చేతికి చిక్కితే తప్ప రెండు జాతుల మధ్య తేడా కచ్చితంగా తేలేది కాదు. శాస్త్రానికి అవసరమైనంత తీసుకోవడం వేరు, గుట్టలు పోసి ఫోటో దిగడం వేరు అన్నది ఆయన వాదం. దేన్నీ ముట్టుకోరాదనే సెంటిమెంటుతో అడవులు బతకవనీ, లెక్కా పద్ధతీ ఉన్న సంరక్షణతోనే బతుకుతాయనీ ఆయన గట్టిగా నమ్మారు.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మినా మరణించారు. ఇరవై ఏళ్ల సహచర్యం. పిల్లలు లేరు. నగర సౌఖ్యాలు వదిలి గుడారాల్లో కాపురం చేసిన ఇల్లాలు పోయాక ఆయన అక్క కమూ ఇంట్లోనే ఉండిపోయారు, మళ్లీ నిఖా చేసుకోలేదు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు పక్షులే లోకం.

1941లో ఆయన రాసిన ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వెలువడింది. అంతకు ముందు పక్షుల పుస్తకాలంటే దొరల కోసం దొరలు రాసిన బరువైన సంపుటాలు. ఇది రంగు బొమ్మలతో, చేతిలో పట్టుకుని పొలంలోకి వెళ్లగలిగేలా ఉంది. నెహ్రూ దాన్ని తన కూతురు ఇందిరకు ఇచ్చారు. ఆమెకు పక్షుల మీద కలిగిన ఇష్టం తర్వాత రోజుల్లో దేశానికి ఎంతో మేలు చేసింది. అదే సంవత్సరం నుంచి సలీం అలీ రేడియోలో మాట్లాడటం మొదలుపెట్టారు. 1985 దాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, ఆ ప్రసంగాలు వస్తూనే ఉన్నాయి. మ్యూజియంలో విసుగెత్తి వదిలేసిన లెక్చరరు పని ఇలా వేరే దారిన తిరిగొచ్చింది. ఈసారి చెప్పడానికి ఆయన దగ్గర సొంత సరుకుంది. మేనకోడలు లయిక్ ఫతేహల్లీతో కలిసి మామూలు పక్షుల మీద చిన్న పుస్తకం రాసి నేషనల్ బుక్ ట్రస్ట్‌కి ఇచ్చారు. అది అనేక భారతీయ భాషల్లోకి వెళ్లింది. అమెరికా పండితుడు డిల్లన్ రిప్లీతో కలిసి 1968 నుంచి 1974 దాకా పది సంపుటాల్లో తెచ్చిన భారత, పాకిస్తాన్ పక్షుల గ్రంథం పండితుల కోసం. నాకైతే ఆ పది సంపుటాలకన్నా ఆ చిన్న పుస్తకమే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

సరదా మనిషి కూడా. మోటారు సైకిళ్లంటే పిచ్చి. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో అంతర్జాతీయ పక్షిశాస్త్ర మహాసభకు వెళుతూ తన సన్‌బీమ్ బండిని ఓడలో ఎక్కించి ఐరోపా తీసుకెళ్లారు. అక్కడ దాని మీద సభకు వెళితే, ఇండియా నుంచి దాని మీదే వచ్చారేమోనని కొందరు అనుకున్నారట. అప్పటికి ఆయనకు యాభై దాటాయి.

ఇక భరత్‌పూర్ సంగతి. ఆయన గొప్పతనం, పొరపాటు రెండూ అక్కడే కనిపిస్తాయి కనుక కొంచెం వివరంగా చెప్పుకోవాలి. రాజస్థాన్‌లోని ఆ చిత్తడి నేల మహారాజావారి బాతుల వేట స్థలం. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో పరివారం ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కాల్చినట్టు అక్కడ రాతిపలక మీద చెక్కి ఉంది. సరిగ్గా ఆనాటికి సలీం అలీకి నలభై రెండేళ్లు నిండాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చెరువును ఎండగట్టి సాగులోకి తేవాలన్న ఒత్తిడి వచ్చింది. సలీం అలీ నెహ్రూ దాకా వెళ్లి దాన్ని నిలబెట్టారు. 1956లో పక్షుల అభయారణ్యమైంది, 1981లో జాతీయ పార్కయింది.

జాతీయ పార్కు కాగానే అందులో పశువులు మేయరాదన్నారు. ఆ నిషేధాన్ని సలీం అలీ సమర్థించారు. చుట్టూ ఉన్న పల్లెల వారి గేదెలు తరతరాలుగా అక్కడే మేస్తున్నాయి. 1982 నవంబరులో గొడవ జరిగి, పోలీసు కాల్పుల్లో గ్రామస్థుల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత తేలిన నిజం ఇంకా చేదుగా ఉంది. ఆయన సొసైటీ శాస్త్రవేత్తలే అక్కడ పదేళ్లపాటు అధ్యయనం చేసి, గేదెలు మేయడం మానేశాక గడ్డి విపరీతంగా పెరిగి నీళ్లను కప్పేస్తోందనీ, పక్షులకు చోటు తగ్గుతోందనీ కనుగొన్నారు. గేదెలు గడ్డిని అదుపులో ఉంచుతూ వచ్చాయన్నమాట. ఆ అధ్యయనం పూర్తయ్యేనాటికి సలీం అలీ లేరు. అయితే దాన్ని మొదలుపెట్టిన సంస్థ ఆయనది, అలా నిజానికి కట్టుబడి లెక్క తేల్చమని నేర్పింది ఆయనే. పెద్దవాడి మాట తప్పని ఆయన శిష్యులే తేల్చి చెప్పగలిగారంటే అది ఆయన పెంపకం. ఆ పల్లెల్లో పోయిన ప్రాణాలకు మాత్రం ఇది ఊరట కాదు.

భరత్‌పూర్ కథ చదువుతుంటే కృష్ణా జిల్లా వాడికి కొల్లేరు గుర్తు రాక మానదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఆ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటివి వచ్చి కలుస్తాయి. నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతులు గుంపుగా గూళ్లు కట్టే చోటు కనుగొని, సలీం అలీ సొసైటీ పత్రికలోనే 1949లో దాని గురించి రాశారు. గొంతు కింద సంచి వేలాడే ఈ పెద్ద పక్షి మన దేశంలో ఎక్కడ పిల్లల్ని చేస్తుందో సరిగా తెలియని కాలమది. 1975 తర్వాత ఆ గూళ్లు కనిపించలేదు.

కొల్లేట్లో పేద మత్స్యకారుల సహకార సంఘాల పేరిట మొదలైన చేపల చెరువులు 1990ల నాటికి పెట్టుబడి ఉన్నవారి చేతుల్లోకి పోయాయి. గట్ల మధ్య సరస్సు ముక్కలైంది. 1999లో అయిదో కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో పొక్లెయిన్లు పెట్టి గట్లు తెగ్గొట్టారు. చెరువుల మీద కూలికి బతికే లంక గ్రామాల వారికి అది కష్టకాలం. వారి గోడు వినకుండా పక్షుల్ని కాపాడగలమా? పక్షుల్ని, వాటి నీళ్లను వదిలేసి వారినైనా కాపాడగలమా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి మునిగినప్పుడు, ఆ నీరంతా చివరికి చేరవలసింది కొల్లేటికే. కైకలూరు దగ్గర ఆటపాకలో చెట్ల మీదా, అటవీశాఖ పాతిన ఇనుప స్టాండ్ల మీదా గూడబాతులు మళ్లీ గూళ్లు కడుతున్నాయి. కంకిపాడు నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్కరోజులో చూసి రావచ్చు. వెళ్లినవారు పక్షుల్నే కాదు, చుట్టూ ఉన్న గట్లనూ చూపించాలి.

సలీం అలీ ధార్మిక జీవితం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ పేజీలో ఆయన గురించి రాస్తే కొందరు అడుగుతారు. చిన్నప్పుడు అరబ్బీ అర్థం తెలియకుండానే ఖుర్‌ఆన్ పారాయణం నేర్పారని, నలుగురి మెప్పు కోసం నమాజు చేసే పెద్దల్ని చూసి ఆచారాల మీద విముఖత కలిగిందని ఆయన తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నారు. ఆయన్ను భక్తుడని చెప్పి మనం సంతోషపడనక్కర లేదు. అది ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య విషయం. కానీ ఆ రాతలో మనకు చురుక్కుమనవలసింది ఉంది. అన్‌ఆమ్ సూరా రెక్కలతో ఎగిరే ప్రతి పక్షినీ మనలాంటి సముదాయంగా పేర్కొంటుంది. నమ్ల్ సూరాలో సులైమాన్ ప్రవక్త (అలై) సేనలో కనబడని హుద్‌హుద్ పిట్ట కథ ఉంది. మదీనా చుట్టూ వేటాడరాదని, చెట్లు కొట్టరాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ప్రాంతాన్ని హరంగా నిర్ణయించారు. ఆ పారాయణం నేర్పిన పెద్దలు అర్థం కూడా చెప్పి ఉంటే, పక్షుల మీద ప్రాణం పెట్టిన ఆ కుర్రవాడికి తన గ్రంథంలో తన పక్షులు కనిపించి ఉండేవి.

గౌరవాలు చాలా వచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్. డిగ్రీ లేదని ఉద్యోగం దక్కని మనిషికి మూడు విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేటు ఇచ్చాయి. మొదట 1958లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, 1973లో ఢిల్లీ, 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం. అదే 1978లో ఢిల్లీలో ఆజాద్ స్మారకోపన్యాసం చేసే అవకాశం వస్తే, భారతదేశంలో పక్షుల అధ్యయనం గురించే మాట్లాడారు. అంతర్జాతీయ గెట్టీ బహుమతి కింద వచ్చిన పెద్ద మొత్తం ఇంట్లో పెట్టుకోలేదు. ప్రకృతి సంరక్షణ నిధికి మూలధనంగా ఇచ్చేశారు. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే విద్యుత్ ప్రాజెక్టును వ్యతిరేకించి, దాన్ని ఆపించినవారిలో ఆయన ఒకరు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అదే ఏడు వెలువడిన ఆత్మకథకు, తన దారి మార్చిన ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నారు.

ఆయన జీవితమంతా తీరని కోరికల్లో ఒకటి మన రాయలసీమలో ఉంది. ఎర్రనేల మీద ముళ్లపొదల మధ్య రాత్రిపూట తిరిగే కలివికోడి 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని పుస్తకాలు రాసేశాయి. 1980ల్లో సొసైటీ తరఫున యువ శాస్త్రవేత్త భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెలు తిరిగి, ఆ పక్షి బొమ్మ చూపిస్తూ, దాని గురించి జనానికి చెబుతూ, చూసినవారెవరైనా ఉన్నారా అని అడిగారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లెలో ఐతన్న అనే వేటగాడు రాత్రి ఒక పిట్టను పట్టుకుని తెచ్చాడు. కలివికోడే. ఎనభై ఆరేళ్లుగా లేదనుకున్న పక్షి, కలివి పొదల్లో తిరిగేది కనుక అక్కడివారు ఎప్పటి నుంచో ఆ పేరుతోనే పిలుస్తున్న పక్షి.

బొంబాయికి ఆ వార్త చేరేనాటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్లు. ఏడాదిన్నర తర్వాత, 1987 జూన్ 20న, క్యాన్సర్‌తో కన్నుమూశారు.